ఉప్పు కలవని ఇల్లు

మా కాలేజీ లైబ్రరీలో నాతో పనిచేసే అమ్మాయి, తన చెల్లెలి పెళ్ళికి అమ్మను కూడా తీసుకుని రమ్మంది. ఇద్దరం ఆటోలో నర్సంపేట రోడ్డు మీది కొత్త ఫంక్షన్ హాలుకు వెళ్ళాం. నలుగురిలోకి వెళ్ళడం నాకు ఎప్పుడూ కష్టమే. ఎవరైనా పలకరిస్తారేమోనని గోడల వైపు చూస్తూ నడుస్తాను. అట్లా చూస్తుంటే ప్రహరీ అవతల రైస్ మిల్లు పొగగొట్టం, దాని పక్కన ఒక వైపుకు ఒరిగిన నీళ్ళ ట్యాంకు కనిపించాయి. నేను నిలబడిన చోటేదో అప్పుడు తెలిసింది. ఈ టైల్సు కింద మా ప్రార్థన గుడారం నేల ఉంది. చిన్నప్పటి ఆదివారాలన్నీ నేను ఇక్కడే టార్పాలిన్ కింద, మోకాళ్ళ మీద గడిపాను. అమ్మ వైపు చూశాను. ఆమె ప్లేటు పట్టుకుని వరుసలో నిలబడి, బగారన్నం వడ్డించే మనిషిని "ఇంకింత ఎయ్యి బిడ్డా" అని అడుగుతోంది. ఆ చోటును గుర్తుపట్టిందో లేదో ఆమె ముఖంలో తెలియలేదు. పచ్చిపులుసు ఒక గుక్క తాగి, "ఉప్పు జర తక్కువైంది గని మంచిగనే ఉన్నది" అంది. నేను నా ప్లేటు కింద పెట్టేశాను.

డైరీ రాయడం నాకు చిన్నప్పటి అలవాటు. చదివిన పుస్తకాల గురించి, వానల గురించి, బస్సులో పక్కన కూర్చున్నవాళ్ళ గురించి పేజీలు పేజీలు రాసుకున్నాను. గుడారం గురించి మాత్రం ఒక్క వాక్యం కూడా రాయలేదు. రాస్తే నాయనమ్మ గురించి రాయాలి. నాయనమ్మ గురించి రాస్తే అమ్మను ఎక్కడ నిలబెట్టాలో నాకు తెలియదు. ఇప్పుడూ తెలియదు, కానీ రాస్తాను.

మా ఇల్లు ఎనుమాముల మార్కెట్‌కు దగ్గర. బాపు అక్కడ రైతుల సరుకు అమ్మిపెట్టే ఒక అడ్తి దుకాణంలో గుమాస్తా. మిర్చి సీజన్‌లో మా వాడంతా తుమ్మేది. బాపు ఇంటికి రాగానే నాయనమ్మ ఆయన్ను గడప దాటనిచ్చేది కాదు. "ఆడనే ఆగురా, అంగి ఇప్పు, దులుపు" అని వాకిట్లోనే నిలబెట్టి, నల్లా దగ్గర చెంబుతో నీళ్ళు పోసేది. ఎంత దులిపినా ఆయన చొక్కాల్లో, మా దుప్పట్లలో, నా పుస్తకాల అట్టల మీద కూడా ఆ ఘాటు ఉండేది. నాయనమ్మ పేరు దయమ్మ. ఊళ్ళోని పాత రాతి చర్చిలో ఆమె పాడని ఆదివారం లేదు. తెల్లచీర కట్టుకుని, తలకు ఇంత నూనె పట్టించి, గొంతు బాగుండాలని ఒక లవంగం బుగ్గన పెట్టుకుని బయలుదేరేది. నన్ను ఎత్తుకుంటే కొబ్బరినూనె, లవంగం కలిసిన వాసన వచ్చేది. దేవుడి దగ్గర కూడా అదే వాసన వస్తుందని చాలాకాలం అనుకున్నాను.

నా తర్వాత అమ్మకు ఒక బాబు పుట్టాడు. ఇంకా పేరు పెట్టలేదు, అందరం బాబు అనే పిలిచేవాళ్ళం. జ్వరం వచ్చి, దవాఖానకు తీసుకుపోయేలోపే పోయాడు. చర్చివాళ్ళు వచ్చారు. మంచివాళ్ళే. దేవుని చిత్తం అన్నారు, ప్రార్థన చేశారు, చాయ్ తాగి వెళ్ళారు. అమ్మ మాత్రం లేవలేదు. గోడకు ఆనుకుని, రెండు చేతులూ ఒళ్ళో వెల్లకిలా పెట్టుకుని కూర్చునేది. స్నానం లేదు, తల దువ్వుకోవడం లేదు. అప్పుడే మా వెనకింటి ఆమె అమ్మను గుడారానికి తీసుకుపోయింది. అక్కడి బోధకుడిని అందరూ పెద్దయ్య అనేవాళ్ళు. ఏదో ఆఫీసులో పనిచేసి మానేసినవాడు, మెత్తటి గొంతు మనిషి. ఆయన అమ్మతో దేవుని చిత్తం అనలేదు. ఆమె చేతుల వైపు చూసి, "వాడి బరువు ఇంకా ఈ చేతుల్లో ఉంది కదా తల్లీ" అన్నాడట. అని, ఆమెతో కలిసి ఏడ్చాడట. ఆ మాట అమ్మ ఎన్నిసార్లు చెప్పుకుందో! అంతమందిలో వాడి బరువు గురించి అడిగినవాడు ఆయనొక్కడే.

ఆ తర్వాత ఆయన చెప్పింది ఉప్పు గురించి. ఒక ఇంటి ఉప్పు తిన్నవాళ్ళు ఆ ఇంటివాళ్ళు అవుతారు. కాబట్టి దేవుని ఇంటివాళ్ళు కావాలంటే దేవుని ఉప్పు తినాలి. పెద్దయ్య ప్రార్థన చేసి బట్టసంచుల్లో కట్టి ఇచ్చే దొడ్డుప్పుతో వండిందే తినాలి. బయటి ఉప్పు నాలుకకు తగిలితే దేవునితో చేసుకున్న నిబంధన తెగిపోతుంది. తెగకుండా కాపాడుకున్నవాళ్ళు పోయిన తమ పిల్లలను పరలోకంలో చూస్తారు. చూడటమంటే కలలో కాదు, ఎత్తుకుంటారు. అమ్మకు ఇంకేం కావాలి? ఆ ఆదివారం ఇంటికి వచ్చి తలస్నానం చేసి, వంటింట్లోని పాత ఉప్పును మోరీలో పారబోసింది. బాపు ఒక్క మాట అనలేదు. ఆమె లేచి జడ వేసుకుంది, ఆయనకు అదే చాలు.

నాయనమ్మ ఆ ఉప్పు తిననంది. "నేను బాప్తిస్మం తీస్కున్నప్పుడు మీ పెద్దయ్య పుట్టిండో లేదో. నాకు ఆయన ఉప్పెందుకు?" అంది. కానీ కొట్లాడలేదు. కిరోసిన్ స్టవ్వు, రెండు గిన్నెలు, తన ఉప్పు డబ్బా తీసుకుని వసారా మూలకు మారింది. అట్లా ఒకే ఇంట్లో రెండు పొయ్యిలు అయ్యాయి. గుడారం ఉప్పు ఎవరైనా తినొచ్చు, నిబంధనలో చేరినవాళ్ళే వేరేది తినకూడదు. బాపు చేరలేదు కాబట్టి ఇద్దరి దగ్గరా తినేవాడు. అమ్మ పెట్టింది సగం, తల్లి పెట్టింది సగం. ఏ సగం తగ్గినా ఒకరి ముఖం మాడిపోతుందని రెండు సగాలూ నిండుగా తినేవాడు. మార్కెట్‌లో హమాలీలు ఆయన్ను ఏడిపించేవాళ్ళు.

"ఏందన్నా, బొర్ర పెరుగుతాంది? ఇంట్ల రెండు పొయ్యిలంట గదా!"

"నీకు ఒక్క పొయ్యే సక్కగ మండదు, నా ముచ్చట నీకెందుకురా" అనేవాడు బాపు. నవ్వుతూనే అనేవాడు. ఇంటికొచ్చాక నవ్వేవాడు కాదు.

అమ్మతో పాటు నేనూ ఆ నిబంధనలో చేరినదాన్ని. గుడారంలో పిల్లలందరం ముందు వరుస. ఎండాకాలం టార్పాలిన్ కాగి, ప్లాస్టిక్ వాసనతో తల తిరిగేది. వానాకాలం ఉప్పు సంచులు చెమ్మగిల్లి కారేవి. ఇంట్లో ఒక ఉప్పు గల్లు కింద పడినా మోకాళ్ళ మీద కూర్చుని ఏరేవాళ్ళం. బడిలో మధ్యాహ్నం ఆడపిల్లలు కూరలు మార్చుకునేటప్పుడు నా డబ్బా మూత తీయడానికే నాకు భయం. "దాన్ని ముట్టకున్రే, ఉప్పోళ్ళ పిల్ల" అని ఒకామె అంటే మిగతావాళ్ళు కిసకిసా నవ్వేవాళ్ళు. నేను మెట్ల కింద కూర్చుని, ఒక చేత్తో తింటూ, ఇంకో చేత్తో బడి లైబ్రరీ పుస్తకం పట్టుకునేదాన్ని. చదువు నాకు అట్లా అంటుకుంది. ఇప్పుడు లైబ్రరీలో ఉద్యోగం చేస్తున్నానంటే దానికి మూలం ఆ మెట్లే. దానికి సంతోషించాలో వద్దో తెలియదు.

నాయనమ్మకు అన్నిటికన్నా బాధ, నేను ఆమె చేతి ముద్ద తినకపోవడం. అమ్మ లేనప్పుడు పిలిచి పెట్టొచ్చు. పెట్టలేదు. దొంగతనంగా పెట్టడం ఆమెకు నచ్చదు. చాలారోజులు ఆలోచించి, ఒక సాయంత్రం చిలగడదుంపలు ఉడకబెట్టి, బెల్లం దంచి, అమ్మ వంటింట్లో ఉండగానే నన్ను పిలిచింది.

"ఇగో పిల్లా, ఇట్ల రా. గీ మొరంగడ్డల ఉప్పుందా?"

"లేదు."

"బెల్లంల ఉందా?"

"లేదు."

"మీ పెద్దయ్య బెల్లం గురించి ఏమన్న జెప్పిండా?"

"చెప్పలే."

"అయితే తిను. దేవుడు అడిగితే నా పేరు జెప్పు, నేను మాట్లాడుకుంట."

నేను వంటింటి వైపు చూశాను. లోపల అమ్మ నల్లా ఇంకా పెద్దగా తిప్పింది. బిందె నిండి పొర్లుతున్నా తిప్పే ఉంచింది. నేను తిన్నాను. ఆ రోజు నుంచి నాయనమ్మ ఉప్పు పడని వంటలన్నీ వెతుక్కుంది. చపాతీలు నలిపి బెల్లం కలిపిన మలీద, సత్తుపిండి, బొగ్గుల మీద కాల్చిన మక్క కంకి, ఉట్టి నీళ్ళలో ఉడికించిన పల్లికాయ. అమ్మ ఏదీ చూడనట్టే ఉండేది. తిన్నాక నా చేతులు తనే కడిగేది. ఒకసారి కడగబోతూ, నా వేళ్ళను ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. బాబు పుట్టినప్పుడు నాయనమ్మ ఆమెకు రోజూ మలీద చేసి పెట్టేదని బాపు తర్వాతెప్పుడో చెప్పాడు.

కొన్నేళ్ళకు నాయనమ్మ కాళ్ళు వాచాయి. చర్చి మెట్లు ఎక్కితే ఆయాసం. దవాఖానకు తీసుకుపోతే, బీపీ చాలా ఉంది, ఉప్పు పూర్తిగా బంద్ చెయ్యాలన్నాడు డాక్టరు. ఎవరైనా ఆ మాటకు దిగులుపడతారు. నాయనమ్మ ఆటో దిగి, కర్ర పట్టుకుని, నవ్వుకుంటూ నేరుగా వంటింటి గడప దగ్గరికి వచ్చింది.

"సుగుణా, ఇయ్యాల్టి సంది నా పొయ్యి మీద ఉప్పు బంద్. డాక్టర్ జెప్పిండు. ఇగ నా కూరల నీ ఉప్పూ లేదు, నా ఉప్పూ లేదు. ఇప్పుడన్న నా పక్కన కూసోని తింటవా?"

అమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. "అడిగి చెప్త అత్తమ్మ" అంది.

"అడుగు. ముసల్దానికి ఆకలై కాదు, పొత్తు కోసం అడుగుతాందని జెప్పు."

ఆదివారం అమ్మ అడిగినప్పుడు నేను ఆమె పక్కనే ఉన్నాను. ఆమె ముఖంలో అట్లాంటి ఆశ నేను ముందెప్పుడూ చూడలేదు. పెద్దయ్య చాలాసేపు కళ్ళు మూసుకున్నాడు. తర్వాత ఎప్పటిలాగే మెత్తగా అన్నాడు. "ఉప్పు లేని కూడు ఏ ఇంటిదీ కాదు తల్లీ. ఏ ఇంటిదీ కానిదాన్ని నీ బాబు ఏ ఇంట్లో వెతుక్కుంటాడు? నీ ఇష్టం. నేను వద్దనను." అంతే. కోప్పడలేదు, బెదిరించలేదు. దారి పొడవునా అమ్మ నా చెయ్యి నొప్పి పుట్టేలా పట్టుకుంది.

ఇంటికి వచ్చేసరికి నాయనమ్మ వసారా కడిగి, చాప పరిచి, మూడు కంచాలు పెట్టి ఉంచింది. సొరకాయ పప్పు, అన్నం, సగానికి కోసిన నిమ్మకాయలు. తను ఉతికిన తెల్లచీర కట్టుకుంది. అమ్మ చెప్పులు విప్పి, కాసేపు అట్లాగే నిలబడి, వచ్చి కూర్చుంది. నాయనమ్మ ముఖం వెలిగిపోయింది. అడగలేదు, ఏమన్నాడని అసలు అడగనేలేదు. వడ్డించింది.

"తిను బిడ్డా. సప్పగుంటది గని నిమ్మకాయ పిండిన."

అమ్మ కలిపింది. చాలాసేపు కలిపింది. మెతుకు మెతుకుకూ పప్పు పట్టేదాకా కలిపింది. ముద్ద చేసి గడ్డం దాకా ఎత్తింది. అక్కడ చెయ్యి ఆగిపోయింది.

"అత్తమ్మ, నేను తింటే బాబు..."

నాయనమ్మ తన కంచంలోంచి చెయ్యి తీసింది. "వాడు నీకొక్కదానికే కొడుకా సుగుణా? నాకు మనుమడు గాడా? రేపు నేను పోతే నన్ను సూడడా వాడు? నన్ను సూసెటోడు నిన్ను సూడడా? గదెక్కడి న్యాయమే?"

"నాకు దెల్వదు అత్తమ్మ. నాకు భయమైతాంది."

అమ్మ శబ్దం లేకుండా ఏడ్చింది. ముద్ద కంచంలోకి జారిపోయింది. నాయనమ్మ ఆమెను చూస్తూ కూర్చుంది. గొంతు పెంచి ఏదో అనబోతుందనుకున్నాను. "భయపడకు. లే, చెయ్యి కడుక్కో" అంది. తనే కష్టపడి లేచి, చెంబుతో ఆమె చేతి మీద నీళ్ళు పోసింది. మళ్ళీ వచ్చి కూర్చుని, అమ్మ కలిపి వదిలేసిన కంచాన్ని తన ముందుకు లాక్కుని, ఆ అన్నమంతా తినేసింది. కోడలి కంచంలో అత్త తినడం మా ఇండ్లలో ఎవరూ చూసి ఉండరు. అమ్మ నల్లా దగ్గర నిలబడి అది చూసింది. ఆ తర్వాత నాకు బెల్లం వంటలు కూడా లేవు. నాయనమ్మే మానేసింది. నేను తన చేతి వంట తినడం చూస్తే అమ్మకు భయమేస్తుందని అర్థం చేసుకుందేమో.

చివరి రోజుల్లో ఆమెను అమ్మే చూసుకుంది. అంత బాగా ఏ కూతురూ చూసుకోదు. నీళ్ళు పోసి, కాళ్ళు ఒత్తి, పక్క మార్చి, ఉప్పు లేని జావ కాచి చెంచాతో తాగించేది. నాయనమ్మ సగం చెంచా తాగి, మిగిలింది అమ్మ నోటి వైపు నెట్టేది, పసిపిల్లలు తల్లికి తినిపించబోతారే, అట్లా. తెలిసి చేసేదో, తెలివి తప్పి చేసేదో! అమ్మ ముఖం పక్కకు తిప్పుకునేది. ఒక ఎండాకాలం పొద్దున నాయనమ్మ పోయింది. గుడారం ఆడవాళ్ళు సమాధుల దగ్గరికి పోకూడదు. పాత చర్చివాళ్ళు పాడుతూ పెట్టెను తీసుకుపోతుంటే అమ్మ గేటు పట్టుకుని నిలబడింది.

గుడారం తర్వాత ఎక్కువ కాలం నిలవలేదు. పెద్దయ్య నిద్రలోనే పోయాడు. కొడుకులిద్దరూ విడిపోయారు. పెద్దవాడిచ్చే ఉప్పు తింటే నిబంధన తెగుతుందని చిన్నవాడు, చిన్నవాడి ఉప్పు తింటేనే తెగుతుందని పెద్దవాడు. అమ్మ ఇద్దరి దగ్గరికీ వెళ్ళింది. రెండు సంచులూ తెచ్చి, పొయ్యి గట్టు మీద పక్కపక్కన పెట్టి, వాటి ముందు కూర్చుంది. ఆ పూట మా ఇంట్లో వంట కాలేదు. మర్నాడు పొద్దున నన్ను పిలిచి, "కిరాణకు పోయి ఉప్పు ప్యాకెట్ తే" అంది. తెచ్చాను. పప్పులో వేసింది. బాపు, నేను తిన్నాం. ఆమె కూడా తిన్నది. ఇల్లు మళ్ళీ అందరి ఇళ్ళలాంటి ఇల్లు అయిందని బాపు లోలోపల సంతోషించి ఉంటాడు. ఆ ఒక్క ప్యాకెట్‌తో అమ్మ ఏం పోగొట్టుకుందో నాకు చాలాకాలం తట్టలేదు. ఆమె బాబును రెండోసారి పోగొట్టుకుంది.

ఇట్లాంటి గుంపుల గురించి మా లైబ్రరీలో ఉన్న పుస్తకాలు అన్నీ చదివాను. మార్కెట్‌లో మిర్చిని రాశులు పోసినట్టు, ఆ పుస్తకాల్లో మనుషులను మోసగాళ్ళు ఒక రాశి, మోసపోయినవాళ్ళు ఒక రాశి పోస్తారు. పెద్దయ్య అమ్మతో కలిసి ఏడ్చింది అబద్ధమని నేను చెప్పలేను. అమ్మ మూర్ఖురాలని అసలే చెప్పలేను. ఆమె లెక్కలో తప్పేమీ లేదు. ఒక పక్క కొడుకు, ఒక పక్క పప్పన్నం. ఆ పప్పన్నం పక్కన ఒక మనిషి కూర్చుని ఉందని మాత్రం పెద్దయ్య మాట ఆమెకు కనబడనివ్వలేదు. ఇప్పుడు అమ్మ ఎవరింట్లోనైనా తింటుంది. పక్కింటివాళ్ళు బతుకమ్మకు సద్దులు పంపినా, రంజాన్‌కు వెనక వాడవాళ్ళు సేమియా పంపినా గిన్నె నాకేస్తుంది. మంచి మార్పే. చూసినప్పుడల్లా నాకు నాయనమ్మ పరిచిన చాప గుర్తొస్తుంది.

ఆ పెళ్ళి తర్వాత వచ్చిన సమాధుల పండుగ రోజు, సమాధులకు వేసే సున్నం బకెట్ పట్టుకుని బయలుదేరుతున్న బాపుతో, "నేనూ వస్త" అంది అమ్మ. బాబును పాతిపెట్టాక ఆమె సమాధుల దగ్గరికి రావడం అదే మొదలు. గడ్డిలో, పూలమ్మేవాళ్ళ మధ్య, ఎవరూ చూపించకుండానే వాడి చిన్న సమాధి దగ్గరికి నడిచింది. దానికి ఆనుకుని నాయనమ్మది ఉంది. మధ్యలో ఒక మనిషి నిలబడేంత చోటు కూడా లేదు.

"అత్తమ్మను ఈడ వెట్టిన్రా?" అంది.

"మా అమ్మనే అడిగింది" అన్నాడు బాపు, సున్నం కలుపుతూ. "పిలగాడు ఒక్కడే పండుకున్నడు, నా జాగ ఆడనే సూడుమన్నది."

అమ్మ రెండింటి మధ్య కూర్చోబోయి, చోటు చాలక, కాళ్ళ వైపు కూర్చుంది. వాడి సమాధి మీది గడ్డి పీకుతూ, "ముందుగాల ఆమెకే దొరికిండు" అంది. ఆ గొంతులో అసూయ లేదు. బాపు బ్రష్షు పక్కన పెట్టి అటు తిరిగాడు. అమ్మ నా కొంగు పట్టుకుని కిందికి లాగింది.

"ఆడ గూడ అత్తమ్మనే వండుతాంటది. నేను పోతే నాకు పెడ్తదానే?"

చావు తర్వాత ఏముందో నాకు తెలియదు. ఏమైనా ఉందని నమ్ముతానో లేదో కూడా తెలియదు. ఎవరు ఏమడిగినా పదిసార్లు ఆలోచించి, చివరికి చెప్పకుండా ఊరుకునే మనిషిని. ఆ రోజు మాత్రం వెంటనే, "పెడ్తదమ్మా. పక్కన కూసోబెట్టుకోని పెడ్తది" అన్నాను. అమ్మ తలెత్తి నా ముఖంలోకి చూసింది. ఒకప్పుడు పెద్దయ్య ముఖంలోకి చూసినట్టే, ఏ అనుమానమూ లేకుండా, పూర్తిగా నమ్ముతూ చూసింది. నాకు భయమేసింది.